దేశం దాటిన ఎనిమిదెకరాలు

హెడ్ కానిస్టేబుల్ కంబన్న ఆ పొద్దున చాలా చిన్న పథకమే వేసుకున్నాడు. బద్వేలు అవతలి పల్లెలో ఒక విచారణ ముగించుకుని, ఎండ ముదరకముందే ఇల్లు చేరి, నాటుకోడి పులుసుతో సంగటి తినాలి. విచారణా పెద్దదేం కాదు. ఓబులేష్ అనే కుర్రవాడికి గల్ఫులో డ్రైవరు ఉద్యోగం వచ్చింది. మన పోలీసులతో ఉన్న ఒప్పందం ప్రకారం అక్కడి పోలీసులు అతని నడత, ఆస్తి వివరాలు అడిగారు. అవి సరిగ్గా ఉంటేనే వీసా.

ఖాకీలో వెళితే కుర్రవాడి పరువు పోతుందని, పాపం, మంచి మనసుతోనే తెల్ల పంచె కట్టుకుని బయలుదేరాడు. కొంప ముంచింది ఆ పంచే.

బస్సు దిగగానే అరుగు మీద వేరుశనగ కాయలు ఒలుస్తున్న వెంకటేశ్వరమ్మ కనిపించింది.

"అమ్మా, ఓబులేష్ ఎట్లాంటోడు? ఆస్తిపాస్తులేమన్నా ఉండాయా?"

వెంకటేశ్వరమ్మ పంచెను ఎగాదిగా చూసింది. పిల్లనిచ్చేవాళ్లు వచ్చారని తేల్చేసుకుంది. ఆ ఊళ్లో ఎన్ని తగాదాలున్నా పెళ్లి సంబంధం మాత్రం ఎవరూ చెడగొట్టరు. పగవాడి కొడుకైనా సరే, పొగిడి తీరాల్సిందే.

"బంగారట్లాంటోడు నాయనా! తాగడు, తిరగడు. ఎనిమిదెకరాల నిమ్మతోట ఉండాది."

పక్కింటి సుబ్బయ్యకు ఓబులేష్ ఇంటివాళ్లతో మాటల్లేవు. అయినా నోరు ఊరుకోలేదు. "రెండు లారీలు మర్సిపోయినావే అత్తా! కడపలో మిద్దె గూడా ఉండాది."

కంబన్న పొల్లుపోకుండా రాసుకున్నాడు. నివేదిక గల్ఫుకు వెళ్లిపోయింది.

అక్కడివాళ్లు నోరెళ్లబెట్టారు. ఇంత ఉన్నవాడు కారు తోలడానికెందుకు వస్తున్నాడు? ఏదో మతలబు ఉంది! వీసా ఆపేశారు. ఓబులేష్ లబోదిబోమన్నాడు. విదేశాలకు పోయే సమాచారాన్ని తనిఖీ చేసే అధికారిణి యామిని ఫైలు పట్టుకుని కంబన్న స్టేషన్‌లో దిగింది.

"ఊరివాళ్ల మాట విని ఒక మనిషి వివరాలు దేశం దాటించేస్తారా? ఆ తోట కళ్లతో చూశారా?"

"ల్యాదు మేడమ్."

"పదండి, చూద్దాం."

కంబన్న వెనకే చీర కట్టుకున్న యువతి జీపు దిగేసరికి ఊరంతా సంబరపడిపోయింది. పిల్లే వచ్చేసింది! ఓబులేష్ తల్లి లక్ష్మీదేవమ్మ పరుగున వచ్చి బొట్టు పెట్టింది. సుబ్బయ్య లారీలను నాలుగు చేశాడు.

"అయ్యో, నేను పెళ్లికూతుర్ని కాదండీ! ప్రభుత్వ అధికారిని. ఈయన పోలీసు. ఆస్తి సంగతి తేల్చడానికి వచ్చాం" అంది యామిని.

ఊరు గతుక్కుమంది. ఆస్తి ఎక్కువుంటే ఏ కేసో పడుతుందని, మరుక్షణం ఓబులేష్‌ను కాపాడే పనిలో పడింది.

"తోట యాడిది మేడమ్? కూటికి గతిలేనోడు!" అంది వెంకటేశ్వరమ్మ.

"లారీలా? వాడు ఏసుకున్న చెప్పులు గూడా నావే!" అన్నాడు సుబ్బయ్య.

కంబన్న రాయడం ఆపేశాడు. ఇది పంపితే దిక్కూమొక్కూ లేనివాడని వీసా శాశ్వతంగా పోతుంది. "మీ కాళ్లు మొక్కుతా, నోర్లు మూయండప్పా!" అని అరిచాడు.

ఓబులేష్ ముందుకొచ్చాడు. "ఎకరా చేను, రేకుల ఇల్లు ఉండాది మేడమ్. నేను తోలేది పరాయోళ్ల లారీ. ఉండేది ఉన్నట్టు రాయండి, సాలు."

యామిని చేను గట్టున నడిచింది, ఇల్లు చూసింది. పాత నివేదిక రద్దు చేయించి, చూసిందే పంపింది. ఇకపై తన సంతకం లేకుండా ఎవరి వివరాలూ ఎవరికీ ఇవ్వకూడదని కంబన్నకు గట్టిగా చెప్పి మరీ వెళ్లింది. కొన్నాళ్లకు వీసా వచ్చింది. లక్ష్మీదేవమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఆ వారమే ఒంటిమిట్ట వైపు నుంచి ఒక పెద్దమనిషి తెల్ల పంచెలో స్టేషన్‌కు వచ్చాడు. నిజంగానే పిల్లనిచ్చే తండ్రి. రెండు దేశాల పోలీసులు విచారించిన అల్లుడు మళ్లీ దొరకడని అతని ఆశ.

"ఓబులేష్ నిజమైన వివరాలు నీ కాడ ఉండాయంట కదా సార్. ఆ ఊర్లో అడిగితే శానా పొగుడుతాండారు, భయమైతాండాది. ఒక నకలు ఇప్పించు."

కంబన్న ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"కుదరదప్పా. మీ ఊరితో మాకు ఒప్పందం ల్యాదు."