కడపటి చోటు కోసం కుమ్ములాట

వినయం వల్ల లోకంలో గొడవలు తగ్గుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక్క ఆదివారం మా సున్‌చొన్ ఊరి చర్చి భోజనశాలకు వచ్చి చూడండి, వినయం కోసం మేం ఎంతలా కుమ్ములాడుకుంటామో!

విందుకు పిలిస్తే ఎగబడి పై చోట కూర్చోవద్దు, కడపటి చోట కూర్చుంటే పిలిచినాయనే వచ్చి నిన్ను పైకి రమ్మంటాడు అని ప్రభువు ఉపమానం చెప్పాడు. ఇందులో మేం పట్టుకున్న నీతి ఒక్కటే. నలుగురి ముందూ పైకి పిలిపించుకోవాలంటే, ముందు కింద చోటు సంపాదించాలి. గొప్పవాళ్ళం కావడానికి ఇంత దగ్గర దారి ఇంకెవరు చూపించారు?

మా భోజనశాలలో సిలువ కింద ఉన్నది పై చోటు. వంటగది గుమ్మం పక్కనున్నది కడపటిది. ఏళ్ళ తరబడి అక్కడ మేంగ్ సున్‌రే అనే పెద్దావిడ కూర్చునేది. తెల్లవారుజాము ప్రార్థన అవగానే వంటగదిలో దూరి, సంఘమంతటికీ సూప్ కాచి వడ్డించి, అందరూ తిన్నాక అక్కడి గోడకు నడుము ఆనించి నాలుగు మెతుకులు తినేది. అరిగిపోయిన మోకాళ్ళు మరి. అయితే మాత్రం, ఆవిడ మోకాళ్ళ కోసం మా ఆత్మీయ జీవితాన్ని ఆపుకుంటామా?

మొన్న సంఘపెద్ద ప్యో గారు ఆఖరి ఆమెన్ దాకా కూడా ఆగకుండా పరుగెత్తి ఆ చోటు పట్టేశారు. ఆయనకంటే తగ్గుదామని నేను గుమ్మం మీద కూర్చున్నాను. నాకంటే తగ్గుదామని పరిచారకుడు ఓక్ వంటగదిలోకి వెళ్ళి కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్ పక్కన చతికిలబడ్డాడు. మమ్మల్ని పైకి పిలవాల్సిన పాస్టరుగారు మా అందరినీ దాటుకుంటూ వెళ్ళి, గిన్నెలు తోమే పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆయన్ని మించడం మా తరమా!

ఇక పిలిచే నాథుడే లేడు. పిలవకుండా పైకి వెళ్తే వినయం పోతుంది కదా, ఎవరూ కదల్లేదు. సూప్ చల్లారిపోయింది.

వంటగదిలో కాలు పెట్టే సందు లేక సున్‌రే తన గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

"పెద్దగారూ, కాస్త జరుగుతారా? మోకాళ్ళు లాగేస్తున్నాయి" అంది ప్యో గారితో.

"క్షమించమ్మా, ఇంతకంటే పై చోటుకు నేను తగను" అన్నారాయన తల వంచుకుని.

ఆవిడ హాలంతా దాటి, సిలువ కింద కూర్చుని, గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపుకుంది. నింపాదిగా తినడం మొదలుపెట్టింది.

కాసేపటికి ఆవిడే అంది. "పాస్టరుగారూ, ఎలాగూ పీట మీదే ఉన్నారు, ఆ గిన్నెలు తోమెయ్యండి. ప్యో పెద్దగారూ, వంటగది మీ పక్కనే కదా, నాకింకాస్త సూప్ పట్రండి. వేడి చేసి."

పాస్టరుగారి పక్కన చేరి గిన్నెలు కడుగుతుంటే నాకో చిన్న సందేహం వచ్చింది పాఠకులారా. ఇన్నేళ్ళూ నిజంగా కడపటి చోట కూర్చున్నది ఆవిడ ఒక్కతే. పైకి రామ్మా అని ఆవిడను మాలో ఒక్కరమైనా పిలిచామా?