ఫోటోలకెక్కిన వాగు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న వాగూ, దాన్ని కాపాడ్డానికి వాగుకన్నా పొడుగు పేరున్న ఒక సంఘమూ ఉండేవి. అధ్యక్షుడు ఎలుగుబంటి, కార్యదర్శి నక్క. చీపురు పట్టుకుని ఫోటో దిగితే చాలు, ఊడ్చేసినట్టే. అదీ ఆ సంఘం ఆనవాయితీ.

వేసవి మొదట్లో వాగులో ఆకులు రాలాయి. వెంటనే శుభ్రతా వారోత్సవం ప్రకటించారు. నక్క పట్నం వెళ్ళి గోనెసంచి నిండా కెమెరాలు తెచ్చింది.

"ఇవి ఒక్కసారి వాడి పారేసేవి అధ్యక్షా! రీలు లాగి కడిగించుకోవడం, డబ్బా అవతల పారెయ్యడం. అంతే!"

"అవతలంటే ఎక్కడోయ్?"

"వాగుంది కదండీ!"

ఎలుగుబంటి మురిసిపోయింది. నెమలి పురి విప్పి ఫోటో దిగింది. అడవిపంది తల దువ్వుకుని మరీ దిగింది. ఎలుగుబంటి చీపురు తలకిందులుగా పట్టుకుని దిగింది. ఆకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్లాస్టిక్ డబ్బాలూ, వాటిలోని బ్యాటరీలూ మాత్రం వాగులోకి పోయాయి.

ఆ గట్టునే బొరియలో నీటికుక్క కాపురం. ఈమధ్యే ఈనింది. ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"అయ్యా, బ్యాటరీల్లోంచి నల్లగా ఏదో కారుతోంది. చేపలన్నీ చచ్చి తేలుతున్నాయి. తిండి లేక నాకు పాలు పడట్లేదు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మీకు దణ్ణం పెడతాను, ఆ డబ్బాలు తీయించండి!"

ఎలుగుబంటికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. మనసు మంచిదే పాపం, బుర్రే లేదు.

"అయ్యయ్యో తల్లీ! రేపే తీయిద్దాం. ఒరే నక్కా, డబ్బాలు తీస్తున్నట్టు మంచి ఫోటోలు పడాలి. ఇంకో నాలుగు సంచుల కెమెరాలు పట్రా!"

నీటికుక్క నెత్తి బాదుకుంది. "ఆ సంచులు మోసే చేతుల్తో ఇవి తీసెయ్యొచ్చు కదయ్యా!"

"ఫోటో లేకుండానా? ఎవరు నమ్ముతారమ్మా?" అంది నక్క జాలిగా.

సంచులొచ్చాయి. ఒక డబ్బా పైకెత్తి చూపించడం, నాలుగు డబ్బాలు నీళ్ళలోకి విసరడం. ఇదీ వాళ్ళ శుభ్రత! చివరికి డబ్బాలు పేరుకుని వాగుకి అడ్డుకట్ట పడి, నీళ్ళు దారి మళ్ళి పక్క అడవికి పోయాయి. నీటికుక్క ఇంకెవర్నీ బతిమాలలేదు. పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఆ నీళ్ళ వెనకే వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నం ఎలుగుబంటి దాహమేసి వాగుకొస్తే అక్కడ బురద కూడా లేదు.

"నీళ్ళేవిరా?"

నక్క గర్వంగా ఓ పెద్ద ఫోటో చేతికిచ్చింది. "ఇవిగోండి అధ్యక్షా! ఎంత తేటగా పడ్డాయో చూడండి."

ఎలుగుబంటి దాన్ని ఓసారి నాకి చూసింది.

నీతి: వాగును బాగుచేసే ముందే దాని ఫోటో తీసిపెట్టుకోవాలి, బాగుచేశాక తియ్యడానికి వాగు మిగలదు.