ధబ్‌మన్న శబ్దం – తీసుకున్న తగు చర్యలు

పాప తల్లికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నప్పుడు ఎవడో ఇంట్లోకి దూరతాడు, మంచం పక్కన నిలబడతాడు, పాప కళ్లు తెరిచి వాణ్ణి చూసి నవ్వుతుంది. పాపకు తొమ్మిది నెలలు. గ్యాసాయన్ని చూసి నవ్వుతుంది, మీటరాయన్ని చూసి నవ్వుతుంది, గోడమీద బల్లిని చూసినా నవ్వుతుంది. మంచివాడా చెడ్డవాడా అని చూడకపోవడం మహాత్ముల్లో అయితే ముచ్చటే గానీ, మొగుడు రాత్రి డ్యూటీకి పోయే ఇంట్లో చాలా చిక్కు.

సోమవారం రాత్రి ఒంటిగంటా నలభైకి ఆ ఇంట్లో ధబ్‌మని వినపడింది. ఎక్కణ్ణుంచో తెలియదు. పైనుంచో, గోడలోంచో, తన గుండెలోంచో. ఆమె దిగ్గున లేచి ముందు పాపను, తరవాత తలుపు గడియను తడిమి చూసింది. రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా మనసు ఒప్పక తలుపుకు అడ్డంగా ఖాళీ సిలిండరు దొర్లించింది. దాని వెనక పిండి డబ్బా జరిపింది. డబ్బా మీద మొగుడి పెళ్లినాటి సూట్‌కేసు ఎక్కించింది. ఇనప మూకుడు చేత్తో పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున ఆరింటికి కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ ముగించుకుని మొగుడొస్తే తలుపు తెరవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రక్షణ ఏర్పాట్లంటే అలా ఉండాలి మరి. ఇంటివాడే లోపలికి రాలేకపోతే ఇక దొంగ ఏం వస్తాడు.

సంగతంతా విని ఆయన, పాప నిద్రపోనివ్వక నీ చెవులే మోగుంటాయి అని తేల్చేసి, ముసుగు తన్నాడు. రెండు నిమిషాల్లో గురక. ఇంట్లో ఇంకే శబ్దమొచ్చినా వినపడకుండా ఆ గురకే కాపలా కాసింది.

ఆమె పాపను చంకనేసుకుని అపార్టుమెంటు సంఘం సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన తూనికలూ కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరయ్యారు. ఏం చెప్పినా ఎంత పొడుగు, ఎంత బరువు అని అడుగుతారు. ధబ్‌మన్నది ఎన్ని సెకన్లన్నదో ఆమె చెప్పలేకపోయింది. ఆయన నిట్టూర్చి ఫిర్యాదు ఫారం చేతికిచ్చారు. ఆమె తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "ధబ్ అని వచ్చింది. చాలా భయమేసింది. పాప చిన్నది" అని రాసింది. సెక్రటరీ గారు చదివి, విషయముంది గానీ బలం లేదమ్మా అని, కింద తన చేత్తో తిరగరాశారు: "గుర్తుతెలియని మూలము నుండి వెలువడిన ఏకైక ధ్వని కారణముగా నివాసితుల మనోధైర్యమునకు భంగము వాటిల్లినది." ఆమె అది రెండుసార్లు చదివింది. భయం చాలావరకు తగ్గింది, ఏం జరిగిందో ఇప్పుడామెకే అర్థం కాలేదు గనక.

ఇక్కడ ఆ సంఘం పనిచేసే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. ఏ తీర్మానమైనా కాగితం మీద అచ్చేసి ప్రతి ఇంటి తలుపు కిందనుంచి లోపలికి తోస్తారు. ఇరవైనాలుగు గంటల్లో అభ్యంతరం రాకపోతే ఆ ఇంటివారు సమ్మతించినట్టు. అంత చక్కని నియమాన్ని ఒక్క మనిషి కోసం పెట్టారు. ఆ మనిషి మూడో అంతస్తులో, సరిగ్గా పాప తల్లి నెత్తిమీద ఉండే వాటాలో, ఒంటరిగా కాపురముంటూ బట్టలు కుట్టే మిషనక్క. ఆ అంతస్తులో రెండో వాటా ఖాళీ. మెట్లకు ఆకుపచ్చ రంగు వేద్దామంటే, ఇది ఇల్లా బస్టాండా అంది మిషనక్క. లిఫ్టులో అద్దం పెడదామంటే, మొహాలు చూసుకునేవాళ్లు దిగరు, మేం ఎక్కలేం అంది. మీటింగుకు టేపు మెడలో వేసుకుని, కత్తెర చేత్తో పట్టుకుని వచ్చేది. కత్తెర పక్కన పెట్టమని అడిగే ధైర్యం ఎవరికీ లేక చాలా తీర్మానాలు అక్కడే వీగిపోయేవి. అందుకని కాగితం పద్ధతి పెట్టారు. అయినా లాభం లేకపోయింది. ఇరవైనాలుగు గంటలు గడువిస్తే ఆవిడ ఇరవైనాలుగు నిమిషాల్లో కిందికి దిగేది.

మంగళవారం సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. ఉన్నది పన్నెండు ఇళ్లే అయినా మైకు పెట్టారు. మైకు లేకుండా అత్యవసరం అనిపించదు. మొదటి అంతస్తులో జిమ్ము నడిపే కండల మాస్టారిని గస్తీ దళపతిగా నియమించారు. రాత్రంతా గంటకోసారి ఆయన ఈల ఊదాలి. ఈల వినగానే ప్రతి ఇంటివారూ గరిటెతో పళ్లెం మీద రెండు దెబ్బలు కొట్టి తాము క్షేమమని తెలపాలి. ఏ ఇంటినుంచి దెబ్బ వినపడదో ఆ ఇంటివారు గాఢనిద్రలో ఉన్నట్టు, అంటే సంపూర్ణ భద్రత అనుభవిస్తున్నట్టు లెక్క. ఈ చివరి వాక్యం సెక్రటరీ గారి సొంత ఆలోచన. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి ఏర్పాట్లు అద్భుతంగా సాగాయి. గంట గంటకీ ఈల, వెంటనే పదకొండు పళ్లేలు. పాప ప్రతిసారీ లేచి కిలకిలా నవ్వింది. కండల మాస్టారు రిజిస్టరులో రాసుకున్నారు: పదకొండు ఇళ్లు క్షేమం, మూడో అంతస్తు సంపూర్ణ భద్రత.

రెండున్నరకు, ఈలకూ ఈలకూ మధ్య, పాప తల్లికి ఇంకో శబ్దం వినపడింది. టక్ టక్ టక్. కాసేపాగి మళ్లీ టక్ టక్ టక్. కిటికీలోంచి కండల మాస్టారిని పిలిచింది. ఆయన సెక్రటరీ గారిని లేపారు. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి మెట్ల మీద నిలబడి, చెవి ఒగ్గి, దొంగ గోడ ఎక్కడ బోలుగా ఉందో కొట్టి చూస్తున్నాడు అని నిర్ధారించారు. పైనుంచి వస్తున్నట్టుందండీ అని ఆమె నసిగింది. పైనుంచి రావడానికి వీల్లేదన్నారాయన. మిషనక్క ఇంట్లో దొంగే ఉంటే ఆవిడ అభ్యంతరం చెప్పకుండా ఉంటుందా? పైగా విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ మెట్లెక్కి ఆధారాలు చెరపకూడదు అని అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. టక్‌మన్నప్పుడల్లా అది ఆగేదాకా ఈల ఊదమన్నారు. మాస్టారు రొమ్ము నిండా గాలి పీల్చి ఊదారు. నాలుగు గంటలకల్లా టక్ టక్ ఆగిపోయింది. దొంగ బెదిరిపోయాడని అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

బుధవారం సాయంత్రం మళ్లీ మైకు. ప్రతి తలుపుకూ మూడో గడియ పెట్టాలని తీర్మానించారు. మహిళా జాగృతి విభాగానికి ఉపాధ్యక్షురాలు కావాలన్నారు. ఆ పదవి తమకొద్దని పొద్దుటే పది ఇళ్ల ఆడవాళ్లు రాసిచ్చేశారు. పదకొండో ఇల్లు పాప తల్లిది. చంటిపిల్ల తల్లి అని వదిలేశారు. మిగిలింది మిషనక్క. నిన్న నాలుగు కాగితాలు తోస్తే ఒక్కదానికీ బదులు లేదు. సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, మనిషి మారడు అంటారు. మారతాడు అనడానికి మన మూడో అంతస్తే నిదర్శనం. ఈ రెండు రోజుల్లో ఆవిడ ఒక్క తీర్మానాన్నీ కాదనలేదు. మధ్యాహ్నాల్లో ఆ మిషను రొద కూడా లేదు. భద్రతాభావం కలిగితే మనిషిలో ఎంతటి సౌమ్యత వస్తుందో గమనించండి. ఆవిడ మౌనం మనందరికీ ఆదర్శం. ఉపాధ్యక్షురాలిగా ఆవిడ ఎన్నిక ఏకగ్రీవం."

చప్పట్లు మోగాయి. పాప తల్లి కూడా కొట్టింది. కొడుతూ కొడుతూ ఉండగా ఆమె చేతులు వాటంతటవే ఆగిపోయాయి. మిషనక్క ఒప్పుకోవడమేమిటి? పాప గౌనుకు గులాబీ గుండీలు కుట్టమని తను అడిగితే, పిల్ల మింగేస్తుంది, దారంతోనే ముడేస్తాను అని అరగంట దెబ్బలాడి, ఆ అరగంటలోనే కుట్టి ఇచ్చిన మనిషి. గుండీ దగ్గరే ఒప్పుకోనిది నాలుగు తీర్మానాలకు ఒప్పుకుందా?

ఆమె వెళ్లి సెక్రటరీ గారిని, అక్క బాగానే ఉందంటారా అని అడిగింది.

"ఇంత బాగా ఎప్పుడూ లేదమ్మా" అన్నారాయన.

ఆమె పాపను చంకనేసుకుని మెట్లెక్కింది. ఉత్తర్వుకు విరుద్ధంగా ఎక్కింది. పైన ఎవడో ఉన్నాడన్న భయం పోలేదు, అలాగే ఉంది. దాన్నీ వెంటబెట్టుకునే ఎక్కింది. మిషనక్క తలుపు కింద నాలుగు కాగితాలు, సగం లోపల, సగం బయట. ఒక్కటీ ఎవరూ లాక్కోలేదు. ఇంకా చీకటి పడకముందే లోపల లైటు వెలుగుతోంది.

"అక్కా" అని పిలిచింది. రెండోసారి గట్టిగా పిలిచింది.

లోపలినుంచి గరగరలాడే గొంతు వచ్చింది. "ఎవరే అది?"

"నేనక్కా. కింద పాప తల్లిని."

"ఆ ఈల ఊదేవాడెవడే? వాణ్ణి ముందు నా దగ్గరికి తీసుకురా."

"నీకేమైందక్కా?"

"ఏమవుతుంది. మిషను పైన బల్బు మారుద్దామని స్టూలెక్కాను. పట్టు తప్పి మిషను పట్టుకున్నాను. అదీ నాతోపాటే వచ్చి కాలిమీద పడింది. విరిగినట్టుంది. ఫోను చూస్తే అలమర మీద. పక్కన సీసాలో నీళ్లుంటే గుక్క గుక్క తాగుతున్నా. పగలంతా స్పృహే లేదు. మెలకువొచ్చి అరిస్తే మైకు, తడితే ఈల. రాత్రంతా కత్తెరతో నేలమీద కొట్టాను గదే. వినపళ్లేదూ నీకు?"

"వినపడిందక్కా" అంది పాప తల్లి.

ఈలోగా సంఘం మొత్తం వెనకాలే వచ్చి మెట్ల మీద నిలబడింది. తలుపు పగలగొట్టాలంటే కట్టడంలో మార్పు చేసినట్టవుతుందని, దానికి తీర్మానమూ ఇరవైనాలుగు గంటల గడువూ కావాలని సెక్రటరీ గారు వివరించారు. నాకు అభ్యంతరం అని లోపలినుంచి కేక వినపడింది. ఇది తలుపు పగలగొట్టడానికి అభ్యంతరమా, గడువుకు అభ్యంతరమా అన్నదానిపై కాసేపు చర్చ నడిచింది.

పాప తల్లి పాపను సెక్రటరీ గారి చేతుల్లో పెట్టింది. ముప్ఫై రెండేళ్లలో ఎన్నో తూచిన ఆ మనిషి పాప బరువుకు నిలువునా బిగుసుకుపోయాడు. పాప ఆయన్ని చూసి నవ్వింది. తల్లి కిందికి పరిగెత్తి, జిమ్ములోంచి రెండు చేతులా ఒక డంబెల్ మోసుకొచ్చి, గడియ ఉండే చోట కొట్టడం మొదలుపెట్టింది. కండల మాస్టారు, ఆ బరువు ఆడవాళ్లు ఎత్తకూడదు, నడుం పట్టేస్తుందని పక్కనుంచి హెచ్చరించారు. నాలుగో దెబ్బకు గడియ ఊడొచ్చింది. అదృష్టం కొద్దీ మూడో గడియ తీర్మానం ఇంకా అమలు కాలేదు.

మిషనక్క కాలికి ఆస్పత్రిలో కట్టు వేశారు. ఇంకో రోజు ఆలస్యమైతే ఏం జరిగేదో డాక్టరమ్మ పాప తల్లిని పక్కకు పిలిచి చెప్పింది. ఆమె అది ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు అన్నం సయించక కూర్చుంది.

సంఘం నివేదిక మాత్రం వారంలో వచ్చింది. ధబ్ శబ్దానికి, తదుపరి టక్ శబ్దాలకు బాధ్యులు మహిళా జాగృతి ఉపాధ్యక్షురాలేనని తేలింది. విచారణను ఇంత త్వరగా కొలిక్కి తెచ్చినందుకు సంఘం తనను తాను అభినందించుకుంది. ఇకమీదట కిందపడదలచినవారు ఒక రోజు ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరింది. ఆస్పత్రి మంచం మీదనుంచి ఇరవైనాలుగు నిమిషాల్లో అభ్యంతరం వచ్చింది, మందుల చీటీ వెనకాల రాసి. అందులో మొదటి రెండు మాటలు తప్ప మిగతావి ఇక్కడ అచ్చు వేయడానికి వీల్లేదు. సెక్రటరీ గారు అది చదువుకుని, శాంతి పోయిందని బాధపడ్డారట.

పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంటిదగ్గరా ఒక మనిషి ఉండే ఉంటుంది. కుళాయి దగ్గరో, పార్కింగు దగ్గరో, చెత్తబుట్ట దగ్గరో ఏదో ఒకటి అని మీ ప్రాణం తీసే మనిషి. రెండు రోజులుగా ఆ నోరు వినపడక మీకు హాయిగా ఉందా? ఇంత ప్రశాంతంగా కూర్చుని ఈ కథ చదువుకోగలిగారంటే నాకు అనుమానంగానే ఉంది. దీన్ని పక్కన పెట్టి, చెప్పులేసుకుని, వెళ్లి ఆ తలుపు కొట్టి చూడండి. తిడితే తిట్టించుకుని రండి.