మాస్టారు తోసిన కారు

పది గంటలకు భార్యకు డ్రైవింగ్ పరీక్ష. తొమ్మిదికల్లా బయలుదేరి, దారిలో టర్బోచార్జర్ గురించి ఆవిడకు మరొక్కసారి చెప్పాలని లెక్కల మాస్టారు పొద్దున్నే నిర్ణయించుకున్నారు. ఆయనకు కార్ల పిచ్చి. ప్రతి ఆదివారం పళ్ల డాక్టరు, ఫొటోగ్రాఫరు ఆయన వరండాలో చేరి, ఏ కంపెనీ ఇంజన్ గొప్పదో తేల్చడానికి కూర్చుని, తేల్చకుండానే లేస్తారు. బ్యాటరీతోనూ పెట్రోలుతోనూ నడిచే హైబ్రిడ్ కార్ల మీదైతే నెలంతా వాదించుకున్నారు. ఎక్కినవాళ్లు మాత్రం ముగ్గురిలో ఒక్కరూ లేరు.

పరీక్ష కోసం ఆవిడ అన్నయ్య పంపింది సరిగ్గా హైబ్రిడ్ కారే. ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని బటన్ నొక్కింది. ఏ చప్పుడూ లేదు.

"స్టార్ట్ కాలేదు," అన్నారు మాస్టారు.

"రెడీ అని పచ్చగా వెలుగుతోందండీ."

"దీపాలదేముంది, వెలుగుతాయి. ఇంజన్ పలకొద్దూ? ఇప్పటికే రెండుసార్లు తప్పావు. ఈసారైనా నా మాట విను!"

ఆవిడ సీటు ముందుకు జరుపుకుంది. మాస్టారు ఫోన్ చేయగానే, ఆదివారం కాకపోయినా సభ కొలువుదీరింది. డాక్టరు బానెట్ ఎత్తి, పుచ్చిపన్ను చూసినట్టు టార్చి వేసి చూసి, "ఫ్యూయల్ పంపు పోయింది," అన్నాడు. "కాదు, సెన్సర్," అన్నాడు ఫొటోగ్రాఫరు. అలా ఇరవై నిమిషాలు పోయాయి.

"బానెట్ దించండి, తోద్దాం. ఇదిగో, న్యూట్రల్‌లో పెట్టు!" అని మాస్టారు తీర్పు చెప్పారు.

రెడీ అంటున్న కారుకు న్యూట్రల్ దేనికో ఆవిడకు బోధపడలేదు. డ్రైవ్‌లో పెట్టి, బ్రేకు మీంచి కాలు తీసింది. కారు మెల్లగా కదిలింది.

"ఒంటి చేత్తో తోస్తున్నా, చూడండి!" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"బరువు పంచడంలో ఉందయ్యా ఆ కంపెనీ పనితనం!" అన్నాడు డాక్టరు.

కారు జోరందుకుంది. ముగ్గురూ నడక మాని పరుగు లంకించుకున్నారు. మాస్టారి చెప్పు ఊడిపోయింది. వీధి మలుపులో ఇంజన్ దానంతటదే గుర్రుమంది. డాక్టరు ఉలిక్కిపడి పక్కింటి కంచె మొక్కల్లో పడ్డాడు. ఆయన మీద ఫొటోగ్రాఫరు పడ్డాడు. ఆవిడ నింపాదిగా కారు పక్కకు తీసి ఆపింది.

"చూశావా? తోస్తే గానీ స్టార్ట్ కాలేదు!" అన్నారు మాస్టారు రొప్పుతూ.

"టైమవుతోంది, ఎక్కండి."

పరీక్ష పూర్తయ్యాక ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. "క్రితంసారి అడుగడుగునా తడబడ్డారు. ఇంత నిబ్బరం ఎక్కడిదమ్మా?"

"పొద్దున్నే ముగ్గురు మగాళ్లు వెనకాల అరుస్తుంటే నడిపానండీ. ఇక్కడ మీరొక్కరేగా!"

ఆఫీసరు నవ్వుతూ ఆవిడకు పాసైన కాగితం ఇచ్చి, నేర్చుకునేవారి వెంట వచ్చిన పెద్దమనిషి లైసెన్సు కూడా చూస్తానన్నాడు. మాస్టారు దర్జాగా తీసిచ్చారు. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని గడువు పోయి నలభై రోజులైంది, మాస్టారూ. బండి ముట్టుకోకండి."

తిరుగు ప్రయాణంలో ఆవిడ అద్దం సరిచేసుకుంటూ, "బెల్టు పెట్టుకోండి," అంది.

సీటు బెల్టు పుట్టుపూర్వోత్తరాల మీద పావుగంట మాట్లాడగల మనిషి, మాట్లాడకుండా పెట్టుకున్నారు.