అధ్యక్షులవారు పూడ్చిన చిల్లులు

ఆ సోమవారం ఉదయం పద్మనాభయ్యగారు పెట్టుకున్నది చిన్న పని. నెల్లూరు నుంచి వచ్చే చేపల శాఖ ఇన్‌స్పెక్టరు రంగనాయకులుకు జాలర్ల సొసైటీ పడవ మోటారు చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపడం. ఆయన వరి పండించే రైతు. సముద్రం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా సొసైటీకి అధ్యక్షులు ఆయనే.

మోటారు బాగుందని తేలితే పల్లెలో ఉంటుంది, లేకపోతే వేరే ఊరికి పోతుంది. పోతే ఆ పడవ నడిపే చిన్నపోలయ్యకు మళ్ళీ తెరచాపే గతి. గాలి పడిపోయిన రోజు అతను ఒడ్డు చేరేసరికి చేపలు కొనే బండ్లు వెళ్ళిపోయి ఉంటాయి.

సముద్రంలో తిప్పిన ప్రతిసారీ మోటారు లోపలంతా మంచినీళ్ళతో కడగాలని పోలయ్య మొత్తుకునేవాడు. "నీళ్ళు తగిలితే తుప్పు పడుతుందిరా" అని, సముద్రంలో మునిగి వచ్చిన యంత్రాన్ని అధ్యక్షులవారు పొడిగుడ్డతో తుడిపించి తమ వసారాలో పెట్టించేవారు. ఆ ఉదయం చూస్తే అడుగుభాగమంతా తెల్లటి పొక్కులు, మధ్యలో వరసగా నాలుగు చిల్లులు.

"ఉప్పు తినేసింది చూడు. గుగ్గిలం కాచి పూడ్చు."

"అయ్యా, అయ్యి తిన్న చిల్లులు కాదు, పెట్టిన చిల్లులు. వాటిల్లో నించి నీళ్ళు పోతేనే మోటారు చల్లగా ఉండేది."

"పడవకు చిల్లు పడితే మీరు గుగ్గిలంతో పూడ్చరా? మోటారుకొక న్యాయమా?"

పోలయ్య చెయ్యనన్నాడు. ఆయనే స్వహస్తాలతో పూడ్చి, ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పైన పట్టించారు.

రంగనాయకులు మోటారు చుట్టూ తిరిగి, వేలితో తట్టి మెచ్చుకున్నారు. "ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదండీ!" తపాలా వేళ మించిపోతుందని, అత్యుత్తమం అని రాసి సంతకం చేసి, కాగితం పంపించేసి మరీ పద్మనాభయ్యగారితో కలిసి పడవెక్కారు. పోలయ్య పడవలో వేసుకున్న తెడ్లను అధ్యక్షులవారు దింపించేశారు. తెడ్లుంటే మోటారు మీద నమ్మకం లేనట్టు కనిపిస్తుందట.

రెండు ఫర్లాంగులు పోయారో లేదో రంగు బుడగలు కట్టింది.

"ఏమిటండీ ఈ వాసన?"

"కొత్త రంగండీ."

"మరి పొగ?"

"బలమండీ. పొలం దమ్ము చేసే ఎద్దు వేడెక్కదూ?"

బలం అక్కడితో అయిపోయింది. మోటారు ఆగింది. పద్మనాభయ్యగారు ఉత్తరీయం తీసి ఒడ్డుకేసి ఊపారు. అది సన్మానం మొదలుపెట్టమని సైగ అనుకుని, ఇన్‌స్పెక్టరు కోసం ఒడ్డున పిలిపించి ఉంచిన మేళగాళ్ళు అందుకున్నారు. జనం కూడా తువ్వాళ్ళు ఊపారు. ఆయన ఇంకా గట్టిగా ఊపారు, వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు.

చివరికి పోలయ్య భార్య అంకాలమ్మే కేకేసింది. "మేళం ఆపండిరా నాయనా, పొగొస్తావుండాది!"

తెరచాప పడవ వెళ్ళి ముగ్గురినీ లాక్కొచ్చింది. ఇన్‌స్పెక్టరు అప్పటికి నాలుగుసార్లు వాంతి చేసుకున్నారు.

"ఏం సార్, అత్యుత్తమంగా ఉండాదా?" అంది అంకాలమ్మ.

ఆయన భోజనం చేస్తున్నంతసేపూ ఆలోచించారు. మోటారు చెడ్డదంటే తన సంతకానికి సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని ఇంకో కాగితం రాశారు. ఇంత శ్రద్ధాపరుణ్ణి ఒక్క పల్లెకే వదలకూడదు, తీరంలో మరో పది పల్లెలకు మోటార్ల సంరక్షణ నేర్పడానికి పంపాలి అని.

పై వారమే పద్మనాభయ్యగారు పూలదండతో బయల్దేరారు. మోటారు పోలయ్య గుడిసెకు చేరింది. అతను గుగ్గిలం గీకి, మంచినీళ్ళ తొట్టిలో తిప్పి కడిగాక అది బుద్ధిగా నడిచింది. బండ్లు కదలకముందే చేపలు ఒడ్డు చేరుతున్నాయి.

పాఠం పూర్తయిన పల్లెల్లో తెరచాపలకు మంచి గిరాకీ ఉంది.