ఇచ్చట ఆగుట నేర్పబడును

మా ఊళ్ళోకెల్లా పెద్ద బడివారు ఒక ప్రకటన చేశారు. ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరే పిల్లలకి రాత పరీక్ష లేదు. అక్షరాలడగరు, అంకెలడగరు. పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ఒక క్రీము బిస్కెట్టు పెట్టి, "పావుగంట తినకుండా ఆగితే రెండోది కూడా ఇస్తాం" అని చెప్పి తలుపేస్తారు. ఆగిన పిల్లకి సీటు. అంతే.

ప్రిన్సిపాలు గారు సభ పెట్టి మరీ వివరించారు. "ఇవాళ బిస్కెట్టు ముందు ఆగిన పసివాడే రేపు జీవితంలో ముందుకెళతాడని మనస్తత్వశాస్త్రం ఘోషిస్తోంది! దీనికి ఎలాంటి తయారీ అక్కర్లేదు. పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేయండి!" తల్లిదండ్రులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తయారీ అక్కర్లేదంటే ఏమిటో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్ళు అప్పుడే మొదలుపెట్టేశారని అర్థం.

సాయంత్రానికల్లా, మొన్నటిదాకా లెక్కల ట్యూషన్లు చెప్పిన మాస్టారి మేడ మీద బోర్డు లేచింది. "ఇచ్చట ఆగుట నేర్పబడును. తొందరలో ఉన్నవారికి ప్రత్యేక తరగతులు కలవు." తొందరలో లేనివారి తరగతికి ఒక్కరూ రాలేదు.

మా ఎదురింటాయన బీమా ఆఫీసులో గుమాస్తా. ఆయన కూతురికి ఐదేళ్ళు. ఆ గుండ్రటి బుగ్గలు చూసి వీధంతా బఠాణీ అంటాం. బఠాణీకి ఈ బడిలో సీటు రాకపోతే ఆయన తోడల్లుడికి మొహం చూపించలేడు. తోడల్లుడి కొడుకు కిందటేడే అక్కడ చేరాడు. అప్పట్నించీ ఆ ఇంట్లో వాళ్ళు ఫోనులో "హలో" అనే తీరే మారిపోయింది.

మేడమెట్ల కిందిదాకా ఉన్న వరసని మోచేతులతో చీల్చుకుంటూ మా ఎదురింటాయన మాస్టారి ముందు తేలాడు.

"మాస్టారూ, మా అమ్మాయికి అర్జెంటుగా ఓపిక కావాలండీ."

"ఎప్పటికల్లా?"

"వచ్చే సోమవారానికల్లా."

"మరీ అంత తొందరైతే కష్టం. పునాది ఎలా ఉంది? ఇంట్లో ఎవరికైనా ఓపిక ఉందా?"

"మా అమ్మకుందండీ. నన్ను పెంచింది."

"అయితే చూద్దాం," అన్నారు మాస్టారు.

బోధన అంతా శాస్త్రప్రకారం సాగింది. గంట మోగగానే పిల్లలు నోరు మూసెయ్యాలి. దీన్ని నిబంధనం అంటారట. మూసినవాళ్ళ నుదుటిమీద ఒక చుక్క అంటిస్తారు. దీన్ని పునర్బలనం అంటారట. బిస్కెట్టుని సబ్బుబిళ్ళ అనుకోమని ఒక రోజూ, మేకు అనుకోమని ఒక రోజూ నేర్పారు. వెనకబడ్డ పిల్లలకి సాయంత్రాలు విడిగా కూర్చోబెట్టి, "బిస్కెట్టులో ఏముంది నాన్నా, పిండే కదా" అని వైరాగ్యం చెప్పారు.

ఇంటి దగ్గర అభ్యాసం బాధ్యత మా ఎదురింటాయన స్వయంగా తీసుకున్నాడు. బల్లమీద బిస్కెట్టు, ఎదురుగా బఠాణీ, పక్కన తను. కాసేపటికి బఠాణీ అలాగే ఉంది గానీ బిస్కెట్టు లేదు.

"నాన్న తినేశాడమ్మా!" అని అరిచింది బఠాణీ.

"అబ్బే, అది నమూనా బిస్కెట్టే," అన్నాడాయన, మూతి తుడుచుకుంటూ. "ఇంకోటి పెట్టు. అసలెంతసేపైంది? పావుగంటంటే ఇంతసేపా? గడియారం గానీ ఆగిపోయిందా?"

"పరీక్ష దానికా, మీకా?" అంది వంటింట్లోంచి ఇల్లాలు. ఆవిడ పగలంతా మందుల షాపులో నిలబడి వచ్చింది.

వారం తిరిగేసరికి ఫలితాలు కనబడ్డాయి. ఎవరు వచ్చి వీధి తలుపు దగ్గర గంట నొక్కినా బఠాణీ నోట్లో పెట్టుకోబోతున్న ముద్ద అక్కడే ఆగిపోయేది. పాలవాడొచ్చినా అంతే, కరెంటు బిల్లు తెచ్చినవాడొచ్చినా అంతే. పిల్ల బుగ్గలు తగ్గుతున్నాయని ఇల్లాలు వెళ్ళి అడిగితే మాస్టారు పొంగిపోయారు. "ఇది అభ్యసన బదలాయింపమ్మా! ఒకచోట నేర్చింది ఇంకోచోట పనికిరావడం! చాలామందిలో జీవితాంతం రాదు. మీ అమ్మాయికి వారంలో వచ్చింది." ఆవిడ కోపంగా వెళ్ళి గర్వంగా తిరిగొచ్చి, ఆ బదలాయింపు సంగతి వీధిలో అందరికీ చెప్పింది.

పరీక్ష ముందురోజు పేపరు లీకైంది. అంటే, వచ్చేది నారింజ క్రీము బిస్కెట్టని పుకారు పుట్టింది. ఊరు ఊరంతా నారింజ క్రీము మీదకి ఎగబడింది. రాత్రయ్యేసరికి దుకాణాల్లో దొరికితే ఒట్టు. చాక్లెట్ క్రీము మీద కష్టపడ్డ పిల్లల తల్లిదండ్రులు, సిలబస్‌లో లేనిది ఇస్తే ఊరుకోమని బడి ముందు బైఠాయించారు.

తెల్లారింది. ఓపిక పరీక్షకి గేటు తియ్యడం రెండు నిమిషాలు ఆలస్యమయ్యేసరికి తండ్రులు గోడ దూకారు. తల్లులు వాళ్ళని వెనక్కి లాగి, వాళ్ళకంటే ముందు దూకారు.

లోపల పిల్లలు మాత్రం రాతిబొమ్మల్లా కూర్చున్నారు. పావుగంటైంది. ఒక్కళ్ళూ ముట్టలేదు. సీట్లు చూస్తే కొన్నే, ఆగినవాళ్ళు అందరూ. సరే, ఎవరో ఒకరు తినేదాకా కానిద్దామన్నారు ప్రిన్సిపాలు గారు. మధ్యాహ్నమైంది. బఠాణీ బిస్కెట్టుకేసి చూసిన చూపులో దయ తప్ప ఆశ లేదు. కాపలా ఉన్న పంతులమ్మ ఆకలికి ఆగలేక ఒక పిల్లాడి బిస్కెట్టు తినేసింది. వాడు లేచి, "మీరు ఫెయిలండీ," అన్నాడు.

"ఇంకెంతసేపు చంపుతారయ్యా మమ్మల్ని!" అని బయట మా ఎదురింటాయన గది తలుపు పట్టుకుని ఊపేస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా ప్రిన్సిపాలు గారు మెట్లమీద నిలబడి ఫలితాలు ప్రకటించారు. "మీ పిల్లలు అద్భుతం! మా శాస్త్రీయ పద్ధతి నూటికి నూరుపాళ్ళూ గెలిచింది! ఇకపోతే సీట్లు. కొందరు పెద్దమనుషులు ఆగలేక కిందటి నెలలోనే పైనుంచి ఫోన్లు చేయించారు. పాపం, వాళ్ళు ఆగలేరు. కాబట్టి సీట్లు వాళ్ళకిచ్చేశాం. మీ పిల్లలు ఎంతసేపైనా ఆగగలరని ఇవాళ రుజువైంది. కాబట్టి వెయిటింగ్ లిస్టు పూర్తిగా మీదే!"

ఎవరో వెనకనుంచి, "అందులో ర్యాంకులుంటాయా?" అని అడిగారు. ఉంటాయన్నారు. చప్పట్లు దద్దరిల్లాయి.

బఠాణీకి వెయిటింగ్ లిస్టులో మొదటి ర్యాంకు వచ్చింది. మా ఎదురింటాయన అక్కణ్ణించే తోడల్లుడికి ఫోను చేసి, "హలో" అని ఒక కొత్త తీరులో అన్నాడు. అప్పటికే బఠాణీ ఫోటో వేసిన బ్యానరు మాస్టారి మేడ మీద రెపరెపలాడుతోంది.

ఇంటికొచ్చాక పిల్ల గెలుచుకున్న రెండు బిస్కెట్లూ ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"నాన్నా, ఇప్పుడు తిననా?"

"సీటు రానీ తల్లీ. అప్పుడు తిందువుగాని."

"సీటొచ్చేసరికి దీనికి పాలపళ్ళూడిపోతాయిరా," అంది నాయనమ్మ. "నువ్వు తినవే, నేను చూసుకుంటా వాడి సంగతి."

"ష్, నాయనమ్మా," అంది బఠాణీ, పెదాలు కదపకుండా. "నేను వెయిటింగులో ఉన్నా."

మాస్టారి దగ్గర కొత్త బ్యాచి మొదలవుతోంది. మావాడి పేరు రాయిద్దామని నేనూ వెళ్ళాను. వాడింకా పుట్టలేదనుకోండి, అయినా ఆగడమెందుకని. మీరు నవ్వుతున్నారు గానీ, నేను వెళ్ళేసరికి వరసలో నాకంటే ముందు నిలబడింది మీరే కదండీ. కాస్త పక్కకి జరగండి.