రాజలింగం ఇరవై మూడు, అంబదాస్ ఒకటి

మానవజాతిని కరోనా నుంచి కాపాడగల ఆట భూమ్మీద గోల్ఫ్ ఒక్కటేనని సూరత్‌లోని బమ్రోలి తెలుగు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది! కబడ్డీలో కూత పెడితే తుంపర్లు. క్రికెట్‌లో అందరూ ఒకే బంతిని ముట్టుకుంటారు. గోల్ఫ్‌లో ఎవరి కర్ర వాళ్లది, ఎవరి బంతి వాళ్లది. పక్కవాడు ఎంత దూరంగా ఉంటే అంత క్షేమం. పైగా సంఘానికి సొంతంగా ఒక అంతర్జాతీయ గోల్ఫ్ క్రీడాకారుడు కూడా ఉన్నాడాయె!

ఆయనే అంబదాస్. తండ్రి హైదరాబాదులో గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసేవాడు. కొడుకు ఆ గడ్డి మీదే ఆట నేర్చి, ప్రొఫెషనల్ అయి, ఇరవై ఏళ్లు దేశమంతా తిరిగి ఆడాడు. ఒకసారి కొలంబో కూడా వెళ్లొచ్చాడు. అంతర్జాతీయం అందుకే! ఒక్క కప్పూ రాలేదు. ఒకే దెబ్బకు బంతి గుంతలో పడటం గోల్ఫ్ ఆడే ప్రతివాడి కల. ఆ భాగ్యమూ ఏనాడూ కలగలేదు. నడుం పట్టేసి రిటైరయ్యాక, భార్య కొమురవ్వ సూరత్‌లో మగ్గాల కార్మికులకు మెస్సు పెడితే, అందులో ఉల్లిగడ్డలు తరుగుతూ స్థిరపడ్డాడు.

కరోనాకు ముందు సంఘం ఆయనకు సన్మానం చేసింది. అధ్యక్షుడు, చీరల వ్యాపారి రాజలింగం సేఠ్ మైకు పట్టుకుని అడిగాడు.

“ఆఖరి టోర్నమెంటుల ఎన్ని కొట్టినవే అంబదాసూ?”

“మూడొందల ఇరవై ఒకటి, సేఠ్.”

“మరి గెలిచినోడు?”

“రెండొందల డెబ్బై రెండు.”

చప్పట్లు మారుమోగిపోయాయి. గెలిచినవాణ్ని కూడా దాటేసిన మొనగాడు! అయ్యా, గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బల్లో పని ముగిస్తే అంత గొప్ప; ఆ లెక్కన నేను అందరికన్నా ఆఖరు, అని చెప్పడానికే అంబదాస్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఎవరో లడ్డూ పెట్టారు. లడ్డూ కరిగేసరికి భుజం మీద శాలువా వెచ్చగా, హాయిగా ఉంది. ఇక చెప్పలేదు.

ఇప్పుడు ఊరి శివారు కామ్‌రేజ్‌లో సంఘం కొత్త హాలు లేచింది. దానికి అంబదాస్ పేరే పెడతామని సన్మానం నాడు మాటిచ్చారు. గోడలు పూర్తయ్యాక, తన పేరైతే ఇంకా అందంగా ఉంటుందని రాజలింగానికి తోచింది. అంబదాస్‌కు ఆ పేరు మీదే ప్రాణం. ఇన్నేళ్లు ఎక్కడెక్కడో ఆడితే తనవాళ్లెవరూ ఒక్కసారైనా చూడలేదు. కనీసం ఒక గోడ మీదైనా తన పేరు చదువుకోవాలని ఆయన ఆశ. వ్యవహారం తెగకపోవడంతో పోటీ పెట్టారు. గెలిచినవాడి పేరే హాలుకు!

మెస్సు పైన డాబా మీద మైదానం వెలిసింది. గడ్డికి బదులు మిల్లు నుంచి తెచ్చిన పచ్చ పాలిస్టర్ తాను పరిచారు. గుంతకు బదులు మూలన వాన నీళ్లు పోయే పైపు. అడ్డంగా నీళ్ల ట్యాంకూ, నాలుగు డిష్ యాంటెనాలూ. కార్యదర్శి పరమేశ్ మాస్కులోంచి ప్రకటించాడు.

“సభ్యులకు మనవి! కోవిడ్ నిబంధనల మేరకు బంతికి సానిటైజర్ కొట్టడమైనది. బంతి పైపుల పడేదాంక ఎవలు ఎన్ని దెబ్బలు కొడితే అన్ని మార్కులు. ఎక్కువ మార్కులకు జై!”

అంబదాస్ లెక్క వేసుకున్నాడు. ఇది తప్పంటే మూడొందల ఇరవై ఒకటి సంగతి బయటపడుతుంది. కనుక ఈ ఆటే ఆడాలి. ఎంత సేపు తప్పు కొట్టగలిగితే అంత గెలుపు. భయమెందుకు? అందులో తనకు ఇరవై ఏళ్ల అనుభవం!

ముందు రాజలింగం ఆడాడు. బంతి ట్యాంకు కిందికి పోయింది, ఆరేసిన చీరల్లో చిక్కింది, ఒకసారి పరమేశ్ మోకాలికి తగిలింది. మొత్తం ఇరవై మూడు! డాబా అంతా కేకలు.

అంబదాస్ పైపుకు వీపు తిప్పి నిలబడ్డాడు. కావాలనే ఎదురుగా ఉన్న ట్యాంకుకు గురిపెట్టి బలంగా కొట్టాడు. బంతి ట్యాంకుకు తగిలి ఎగిరింది. యాంటెనా కడ్డీకి తగిలి వెనక్కి తిరిగింది. పాలిస్టర్ మీద నెమ్మదిగా, ఎవరో చెయ్యిపట్టి నడిపిస్తున్నట్టు దొర్లి, టపుక్కున పైపులో పడింది.

ఒకే దెబ్బ!

అంబదాస్ చెయ్యి తనంత తానే ఆకాశానికి లేచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. జన్మంతా ఎదురుచూసిన దెబ్బ!

“ఒకటి,” అన్నాడు పరమేశ్ జాలిగా. “ఖతం. ఓడిపోయినవన్నా.”

అంబదాస్ ఇక ఆగలేకపోయాడు. పరువు పోతే పోనీ అని మాస్కు కిందికి లాగాడు. “సోదరులారా! అసలు రూల్ ఏందంటే...”

ఆరడుగుల దూరం మరిచి రాజలింగం చెవి దగ్గరికొచ్చాడు. “తక్కువ కొట్టినోడే గెలుస్తడు. గదే గద? నాకు తెలుసు.”

“ఎప్పటిసంది?”

“నీ సన్మానం కంటె ముందుగాలనే. నా మనుమరాలు ఫోన్ల చూసి చెప్పింది.”

“మరి సన్మానం ఎందుకు చేసిండ్రు?”

“గప్పుడు సంఘానికి గొప్పోడు కావాలె. దొరికినోనివి నువ్వే. చెప్పు మరి రూల్, జర గట్టిగ చెప్పు. ఎనుక నేను మూడొందల ఇరవై ఒకటి సంగతి చెప్త.”

అంబదాస్ మాస్కు పైకి లాక్కున్నాడు. గెలిచినవాడి కోసం తెచ్చిన దండ తీసి రాజలింగం మెడలో తనే వేశాడు.

కిందికి దిగేసరికి కొమురవ్వ బంతి పట్టుకుని నిలబడి ఉంది. పైపులోంచి వచ్చి ఆమె గిన్నెలు తోమే తొట్టిలో పడిందట.

“ఒక్క దెబ్బకే కిందికొచ్చిందంట గదనయ్యా! గంత మంచిగ కొట్టి ఎట్ల ఓడినవ్?”

ఆయన ఉల్లిగడ్డలు ముందుకు లాక్కున్నాడు. ఆ రోజు వాటి అవసరం లేకుండానే ఏడ్చాడు.

హాలు ప్రారంభమైంది. రాజలింగం తన విజయాన్ని పాలరాతి మీద చెక్కించాడు: “అంతర్జాతీయ గోల్ఫ్ క్రీడాకారుణ్ని ఓడించిన రాజలింగం భవనం. రాజలింగం – 23. అంబదాస్ – 1.”

ఇప్పుడు ప్రతి ఆదివారం అంబదాస్ బస్సెక్కి కామ్‌రేజ్ వెళ్తాడు. తన పేరు చదువుకుంటాడు. ఏ గోల్ఫ్ వీరుడికైనా అంతకన్నా గొప్ప అంకె లేదు. ఆ ముక్క తెలిసిన ఇంకొకాయన నోరు విప్పడు. అంబదాస్ రుమాలు తీసి, తన పేరు పక్కనున్న ఆ ఒకటిని తళతళలాడేలా తుడుస్తాడు. పై వరుసలో ఇరవై మూడు మీద దుమ్ము పేరుకుపోయింది. దాన్ని మాత్రం ముట్టుకోడు. భౌతిక దూరం పాటించాలి కదా!